కథలో పెట్టేద్దాం మాస్టారూ!

జక్కా భావనారాయణ గారు తన జన్మలో ఒక్క షాట్‌ని కూడా రెండోసారి తీయలేదు. ఇరవై ఏళ్లలో తొమ్మిది సినిమాలు తీశారు. తొమ్మిదీ అడవి సాహసాలే, తొమ్మిదింటికీ ఒకటే పేరు, చివర అంకె ఒక్కటే మారుతుంది. ఆయన నోట "ఇంకోసారి చేద్దాం" అన్న మాట విన్నవాడు మాత్రం కృష్ణా జిల్లా మొత్తంలో లేడు. పులి తోక ఊడనీ, ఏనుగు మధ్యలో కూలబడనీ, హీరో డైలాగు మర్చిపోయి వాళ్లావిడని పిలవనీ, ఆయన కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టి నా వైపు తిరిగేవారు.

"కథలో పెట్టేద్దాం మాస్టారూ!"

ఆ మాస్టారుని నేనే. పేరు శివరామయ్య. గుడివాడ హైస్కూల్లో తెలుగు చెప్పి మొన్న ఏప్రిల్లో రిటైరయ్యాను. 'చిట్టడవి భైరవుడు' తొమ్మిది భాగాలకీ కథ, మాటలు శివరామయ్య అని తెర మీద పడుతుంది. నమ్మకండి. కథలో సగం పులి రాసింది, పావు వంతు బస్సు కండక్టరు రాశాడు, మిగతాది గాలీ వానా కలిసి రాశాయి. నేను వాళ్లందరి వెనకా కాగితాలు పట్టుకుని పరిగెత్తి, జరిగినదానికల్లా కారణాలు రాసినవాణ్ణి.

భావనారాయణ గారిది పెడన, నేతవాళ్ల ఇల్లు. బందరు వచ్చి గిలకలదిండి హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీ పెట్టారు. వేటకెళ్లే బోట్లన్నిటికీ ఆయన ఐసే. సన్నగా, పొడుగ్గా ఉంటారు, భుజం మీద ఎప్పుడూ కలంకారీ తువ్వాలు. సినిమాకి నిర్మాతా ఆయనే, దర్శకుడూ ఆయనే. బయటి దర్శకుణ్ణి పెడితే రీటేక్ అడుగుతాడని భయం. ఊళ్లో అందరూ అడవి నారాయణ గారు అంటారు గానీ, తమాషా ఏమిటంటే ఆయన అడవి చూసిన మనిషి కాదు. మా వైపు అడవి ఎక్కడిదండీ? దివిసీమ చివర నడుం లోతు బురదలో మడ చెట్లు, మిగతాదంతా వరిచేలూ చేపల చెరువులూ. టైగర్ అంటే మా వాళ్లకి రొయ్య.

"మారేడుమిల్లి వెళ్లి తీద్దామండీ, అక్కడ నిజం అడవి ఉంది" అని మొదట్లోనే చెప్పాను.

"నిజం అడవిలో చెట్లు మన మాట వినవు మాస్టారూ" అన్నారాయన.

అందుకని అడవిని గుడ్డ మీద వేయించారు. నవ్వకండి. పెడనలో అబూబకర్ గారని, అచ్చుల అద్దకంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. భావనారాయణ గారికి చిన్నప్పటి నుంచి ఎదురిల్లు, ఒకళ్లనొకళ్లు "బావా" అని పిలుచుకుంటారు. ఆయన నలభై తానుల గుడ్డ మీద ఆకులు, తీగలు, మానులు, గుబురు వెనక గుబురు చేత్తో అద్దేవాడు. ఆ తానుల్ని మంగినపూడి దగ్గర సరుగుడు తోటలో తాళ్లకి వేలాడదీస్తే, సముద్రం గాలికి అడవి మొత్తం ఒక్కసారి కదిలేది. మొదటిసారి చూసినప్పుడు నేను చెప్పుల్లేకుండా ఇసకలో ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. అరికాళ్లు బొబ్బలెక్కాయి.

ప్రతి భాగానికీ కొత్త అడవి. పాత అడవిని కత్తిరించి, పనిచేసిన వాళ్లందరికీ దుప్పట్లకింద పంచిపెట్టేసేవారు. మా ఇంట్లో ఇప్పటికీ ఐదో భాగం అడవి మీదే పడుకుంటున్నాం.

ఇంత అందమైన అడవిలోకి మా హీరో రాజకుమార్ వచ్చేవాడు. అవనిగడ్డ డిపోలో కండక్టరు. కండలున్న కుర్రాడు, సెలవు పెట్టి వచ్చేవాడు. రెండో భాగంలో వాడు తీగ పట్టుకుని ఊగుతూ వచ్చి ఏనుగు మీద దూకి, దిక్కులు పిక్కటిల్లేలా గర్జించాలి. ఊగాడు. దూకాడు. ఏనుగు కుంభస్థలం మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచి అరిచాడు.

"రైట్ రైట్!"

నేను నెత్తి కొట్టుకున్నాను. రాజకుమార్ మొహం పాలిపోయింది. "అలవాటులో వచ్చేసిందండీ, ఇంకోసారి చేస్తానండీ" అని ఏనుగు మీదే దణ్ణం పెట్టాడు. భావనారాయణ గారు అప్పటికే చప్పట్లు కొడుతున్నారు.

"అద్భుతం! కథలో పెట్టేద్దాం మాస్టారూ!"

"అడవిలో రైట్ రైట్ ఏమిటండీ?"

"భైరవుణ్ణి చిన్నప్పుడు ఎవరు పెంచారు?"

"ఏనుగులు."

"ఆ ఏనుగుల్ని ఎవరు పెంచారు?"

"ఏనుగుల్ని ఒకళ్లు పెంచేదేమిటండీ? వాటంతటవే పెరుగుతాయి."

"కాదు. బస్సు లోయలో పడి, అడవిలో చిక్కుకుపోయిన ఒక కండక్టరు పెంచాడు. వాడు నేర్పిన యుద్ధనాదం అది. రాసేయండి."

రాశాను. మూడో భాగం మొత్తం ఆ కండక్టరు ఫ్లాష్‌బ్యాకే. సినిమా బందరు, గుడివాడ, అవనిగడ్డ హాళ్లలో ఆడింది. భైరవుడు తీగ పట్టుకోగానే హాలు హాలంతా లేచి "రైట్ రైట్" అని అరిచేది. నా స్కూల్లో పిల్లలు ప్రేయర్ అయ్యాక రైట్ రైట్ అనుకుంటూ క్లాసుల్లోకి వెళ్లేవారు. హెడ్మాస్టరు నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేదు.

తర్వాత పులి. గిలకలదిండిలో వలలు బాగుచేసే మహబూబ్ మా పులి. తోలు తొడుక్కుని నాలుగు కాళ్ల మీద నడిస్తే కుక్కలు పారిపోయేవి, అంత బాగా చేసేవాడు. నాలుగో భాగంలో భైరవుడి మీదికి లంఘించే షాట్‌లో తోక సరుగుడు కొమ్మకి తగులుకుని ఊడిపోయింది. పులి ఇటు, తోక అటు. లొకేషన్‌లో అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. మహబూబ్ మాత్రం తలకాయ తీసి చంకలో పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి ఐసు దిమ్మల పక్కన కూర్చున్నాడు. బిర్యానీ తెప్పిస్తే ముట్టుకోలేదు.

భావనారాయణ గారు వెళ్లి వాడి పక్కనే కూర్చున్నారు. "ఒరేయ్ మహబూబూ, ఐదో భాగం ఏం తీయాలా అని నెల్నాళ్ల నుంచి కొట్టుకుంటున్నాన్రా. నువ్వు దారి చూపించావు" అన్నారు. తర్వాత నన్ను పిలిచారు. ఏమన్నారో మీకు చెప్పక్కర్లేదు. ఐదో భాగం పేరు కింద చిన్న అక్షరాల్లో 'తోక కోసం పగ' అని వేశాం. హాల్లో జనం పులికి హారతులు పట్టారు. మహబూబ్ ఇవాళ్టికీ టీకొట్టు దగ్గర కాలు మీద కాలేసుకుని చెబుతాడు, "నా తోక ఊడకపోతే ఐదో భాగం ఎక్కడిదండీ?" అని.

పిసినారి, అందుకే రెండోసారి తీయడని కొందరు. సినిమా తీయడం రాదు పాపం అని కొందరు. నేను రెండో జట్టు. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను కూడా. "నిజమే మాస్టారూ" అని హాయిగా ఒప్పుకునేవారు, ఇంక ఏం పోట్లాడతాం?

అసలు నా కడుపుమంట అంతా మొదటి భాగం దగ్గర ఉంది. అప్పుడు నాకు ముప్పై తొమ్మిదేళ్లు. పరీక్ష పేపర్ల వెనక వైపు రెండు నెలలు కూర్చుని కథ రాసిచ్చాను. సింహాసనం కోసం దుర్మార్గుడైన సేనాపతితో భైరవుడు చేసే పోరాటం, నికార్సైన కథ. హాల్లో చూస్తే నడిమధ్యలో ఒక సాధువు ఊడిపడ్డాడు. చేతిలో ఎర్రటి వేరు. మొసలి పట్టి చచ్చిపోయిన మావటి నోట్లో ఆ వేరు నూరి పోయగానే వాడు లేచి కూర్చున్నాడు. నా స్క్రిప్టులో సాధువు లేడు, వేరు లేదు. మావటి చచ్చిపోతే ఈయన మెత్తటి మనసు ఒప్పుకోలేదు కాబోలు అనుకున్నాను.

"ఆ వేరు ఎక్కడి నుంచి తెచ్చారండీ?" అని నిలదీశాను.

"ఉండనివ్వండి మాస్టారూ. బాగుందిగా" అన్నారు తువ్వాలు సర్దుకుంటూ.

బాగుండటం కాదు, అది జనాన్ని పట్టేసింది. సింహాసనాన్ని అందరూ మర్చిపోయారు. తర్వాతి ఏడు భాగాల్లోనూ భైరవుడు ఆ వేరు కోసమే అడవంతా తిరిగాడు. ప్రతి భాగం చివరా వేరు చేతికందబోయి జారిపోయేది. పెళ్లిళ్లలో, బస్సుల్లో, ఆఖరికి డెంటిస్టు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నప్పుడు కూడా నన్ను అడిగేవారు, "ఆ వేరు ఐడియా భలే వచ్చిందండీ మీకు!" అని. నేను ప్రతిసారీ ఒకటే జవాబు. "ఆ వేరు నాది కాదండీ."

ఇలా ఉండగా హైదరాబాదు నుంచి హాసిని గారని ఒకావిడ దిగారు. సినిమాలు ఫోన్లలో, టీవీల్లో చూపించే కంపెనీలో పెద్ద ఉద్యోగం. గుడ్డ అడవి ఫొటోలు ఎక్కడో చూశారట. ఐసు ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని బందరు లడ్డూ తింటూ చెప్పారు.

"మీ అడవి చూసి మా ఆఫీసులో అందరికీ మతిపోయింది సర్. తొమ్మిదో భాగం మేం వేస్తాం. దేశమంతా చూస్తుంది. కానీ ఒక్క షరతు. కథ కాగితం మీద ఎలా ఉందో తెర మీద అలాగే రావాలి. మధ్యలో కండక్టర్లు రాకూడదు."

ఆ తల్లికి లేచి దణ్ణం పెట్టాలనిపించింది. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషిని. ఇరవై ఏళ్లు పులితోకలకి కారణాలు రాసినవాణ్ణి. ఒక్క కథ, ఒక్కసారి, నేను రాసింది రాసినట్టు చూసుకోవాలని ఉండదా?

తొమ్మిది నెలలు కూర్చుని రాశాను. ఆకుపచ్చ అడవి, ఆకుపచ్చ చీర కట్టిన వనరాణి. శత్రువులు చుట్టుముడితే ఆవిడ ఆకుల్లో నిలబడుతుంది, పక్కనే నడిచి వెళ్తున్నా ఎవరికీ కనిపించదు. ఆ పచ్చదనం మీదే కథంతా. చదువుతుంటే భావనారాయణ గారి కళ్లు చెమర్చాయి. ప్రతి భాగానికీ మొదటి క్లాప్ మోపిదేవి గుడి ముందే కొడతాం. ఆ రోజు సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గోపురం వంక చూస్తూ నా చేతిలో చెయ్యి వేశారు.

"మాటిస్తున్నాను మాస్టారూ. ఈసారి మీరు రాసిందే. ఒక్క ముక్క మారదు."

నెల తిరిగింది. సరుగుడు తోటలోకి వ్యాను వచ్చింది. ముందు సీట్లోంచి అబూబకర్ గారు, ఆయన భార్య రోషన్ బీ దిగారు. కుర్రాళ్లు తానులు దింపి, తాళ్లకి కట్టి, ఒక్కసారిగా వదిలారు.

అడవి ఎర్రగా ఉంది.

చిగుళ్ల దగ్గర కాదు, పువ్వుల దగ్గర కాదు. ఆకు, తీగ, పొద, మాను, నలభై తానులూ పండిన మిరపకాయ రంగు. అందరం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నాం. అబూబకర్ గారు మాత్రం అడవికి ఎదురుగా, గడ్డం పైకెత్తి, చేతులు వెనక్కి కట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు.

"ఎలా వచ్చింది బావా? పచ్చగా మెరుస్తోందా?"

నేను నోరు తెరిచాను. రోషన్ బీ నా చొక్కా చెయ్యి పట్టి లాగింది. భావనారాయణ గారు అడవి వంక చూశారు, ఆయన వంక చూశారు.

"మెరిసిపోతోంది బావా. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు" అన్నారు.

రోషన్ బీ నన్ను వ్యాను వెనక్కి తీసుకెళ్లింది. "రెండు కళ్లకీ శుక్లాలు ముదిరిపోయాయి మాస్టారూ. ఎవరికీ చెప్పనివ్వడు. ఎదురుగా వచ్చిన మనిషిని గొంతు పట్టి పోల్చుకుంటున్నాడు. ఆపరేషన్ అంటే చచ్చే భయం" అంది.

"మరి ఇన్నాళ్లూ రంగులు ఎలా వేశారమ్మా?"

"వాసన పట్టి. ఇది చిరివేరు గంగాళం, ఎరుపు. ఇది దానిమ్మ తొక్క గంగాళం, పసుపు. ఎప్పుడూ తప్పలేదు. పోయిన వారం వానలో తడిసి పడిశం పట్టింది."

"పడితే?"

"ముక్కు మూసుకుపోయింది కదండీ!"

మెల్లిగా అర్థమైంది. ఆకుల్ని ముందు పటికతో అద్దుతారు. అప్పుడు చూడటానికి ఏ రంగూ ఉండదు. ఏ గంగాళంలో ఉడకబెడితే ఆ రంగు పట్టుకుంటుంది. పసుపులో ఉడికించి నీలిలో ముంచితే ఆకుపచ్చ. ఆ మహానుభావుడు అడవి మొత్తాన్నీ చిరివేరు గంగాళంలో వేశాడు. రోషన్ బీ ఆ వారం నాగాయలంకలో కూతురింట్లో ఉంది. పనివాళ్లు ఎరుపు చూశారు గానీ ఆయనకి చెప్పడానికి ఒక్కడికీ ధైర్యం చాల్లేదు. నీలిలో ముంచండ్రా అంటే, ముంచామని చెప్పి ఉత్తి నీళ్లలో ముంచి పట్టుకొచ్చారు.

"ఆయనకి మాత్రం తెలియనివ్వకండి మాస్టారూ" అంది రోషన్ బీ. "యాభై ఏళ్ల పని. తెలిస్తే గంగాళం బోర్లించేస్తాడు, మళ్లీ ముట్టుకోడు. ఎలాగో బతిమాలి సంక్రాంతెళ్లాక ఆపరేషన్‌కి ఒప్పించాను. ఇది తెలిస్తే, చూపొచ్చి మాత్రం ఏం చూడాలి అని అదీ మానేస్తాడు."

నాకు జాలేసింది. వేయలేదని అబద్ధం చెప్పను. కానీ నా తొమ్మిది నెలలు కూడా ఆ ఎర్ర గుడ్డల మీద వేలాడుతున్నాయి. ఎర్ర అడవిలో ఆకుపచ్చ చీర కట్టుకుని దాక్కుంటే ఆ వనరాణి విజయవాడ నుంచి కూడా కనిపిస్తుంది. భావనారాయణ గారిని సముద్రం వైపు లాక్కెళ్లాను.

"ఇంకో అడవి వేయిద్దామండీ. హాసిని గారితో నేను మాట్లాడతాను."

"ఎందుకు వేయిస్తున్నావని బావ అడుగుతాడు."

"ఏదో ఒకటి చెబుదాం."

"పట్టేస్తాడు మాస్టారూ. మసక కమ్మింది కళ్లకి, బుర్రకి కాదు."

"మోపిదేవిలో మాటిచ్చారు!"

"ఇచ్చాను." తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "ఇన్నేళ్లూ మీకు చెప్పేవాణ్ణి. ఎప్పుడూ అడగలేదు. మాటిచ్చాను గనక ఇవాళ అడుగుతున్నాను. కథలో పెట్టేద్దామా మాస్టారూ?"

"పెట్టను!" గట్టిగానే అరిచాను. "తప్పు చేసినవాడికి తప్పని చెప్పాలండీ! మా పిల్లలకి నేను చెప్పనూ? అందరికీ దుప్పట్లు కప్పుకుంటూ పోతే ఎలా? నేను రాసిచ్చిన మొదటి స్క్రిప్టు తీయండి. అందులో ఒక్క తప్పుందా? ఒక్కటి చూపించండి, అప్పుడు రాస్తాను!"

ఆయన మొహంలో కంగారు నేను మొదటిసారి చూశాను. "మొదటి స్క్రిప్టా? అదెందుకండీ ఇప్పుడు? చెదలు తినేసి ఉంటుంది. వద్దులెండి మాస్టారూ, ఎండన పడి..."

వినలేదు. ఆటో ఎక్కి తిన్నగా బందర్లో వాళ్లింటికి వెళ్లాను. వాళ్లావిడ పార్వతి గారు కాఫీ ఇచ్చారు గానీ, స్క్రిప్టు అనేసరికి తటపటాయించారు. "దాన్ని ఎవరికీ చూపించొద్దన్నారండీ ఆయన" అన్నారు.

"రాసింది నేనండీ!"

ఆవిడ ఇంకేం అనలేక ట్రంకు పెట్టె తెరిచారు. చెదలు లేదు, చెత్త లేదు. తెల్లటి గుడ్డలో చుట్టి భద్రంగా ఉంది. నా గుండ్రటి అక్షరాలు, వెనక వైపు ఎనిమిదో తరగతి క్వార్టర్లీ జవాబులు. గర్వంగా తిప్పడం మొదలుపెట్టాను. పద్నాలుగో సీను. మొసలి పట్టి మావటి చచ్చిపోతాడు, ఏనుగు కన్నీళ్లు పెట్టుకుంటుంది. భేష్. తిప్పుకుంటూ పోయాను. యాభై రెండో సీను. కోట తలుపుల్ని ఏనుగు బద్దలు కొడుతుంది. ఏనుగు మీద కూర్చున్నది ఎవరయ్యా అంటే, నవ్వుతూ మావటి.

వెనక్కి తిప్పాను. చచ్చిపోయాడు. ముందుకి తిప్పాను. నవ్వుతున్నాడు. మళ్లీ వెనక్కి తిప్పాను, నా చేతిరాతే.

ఆ రెండు సీన్లూ నేను రాసినవేనని ఇరవై ఏళ్లుగా తెలుసు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని ఒక్కసారీ తోచలేదు. యాభై రెండో సీను పక్కన పెన్సిల్‌తో సన్నగా ఏదో రాసి ఉంది. భావనారాయణ గారి కోడిగీతలు. 'మాస్టారికి చెప్పొద్దు. ఏదైనా వేరు పెడదాం.'

పార్వతి గారు గుమ్మంలో నిలబడి చీర చెంగు నలుపుకుంటున్నారు. "అప్పుడు మీ ఆవిడ ఆస్పత్రిలో ఉన్నారు కదండీ. మంచం పక్కన కూర్చుని రాశారట మీరు. ఏదో మనసులో పెట్టుకుని మర్చిపోయారు, ఇప్పుడు తప్పు చూపిస్తే మాస్టారు ఇంక కలం పట్టరు పార్వతీ అన్నారు. వేరు అంటే మా పెడన వాళ్లకి చిరివేరే కదండీ, అందుకని ఎర్రది పెట్టారు."

కాఫీ చల్లారిపోయింది. సిగ్గేసింది, నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి, ఏది ముందో చెప్పలేను. నాలాంటి మనిషి ఒకడు ఇరవై ఏళ్లు వెక్కిరిస్తుంటే, నోట్లో ఉన్న ఒక్క జవాబుని మింగేసి "నిజమే మాస్టారూ" అంటూ నవ్వడం ఎంతమందికి చేతనవుతుంది? నాకు చేతకాదు. ఒక తప్పుని కప్పడానికి ఆ మహానుభావుడు ఏడు సినిమాలు తీశాడండీ! అన్నీ నా పేరు మీద!

తిరిగి తోటకి వెళ్లేసరికి ఆయన పులి తలకాయ మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచారు.

"చూశారా?" అన్నారు.

"చూశానండీ. మీరన్నట్టే చెదలు తినేసింది. ఒక్క అక్షరం మిగల్లేదు."

"అయ్యో!" అన్నారు. మొహం మాత్రం వెలిగిపోయింది.

నేను అడవి వైపు తిరిగాను. సముద్రం గాలి లేచింది. నలభై తానుల ఎరుపూ ఒక్కసారి కదిలింది. కోపంలో ఇందాక చూడలేదు గానీ, అంత గొప్పగా ఆ అడవి ఏ భాగంలోనూ లేదు.

"అడవి ఎందుకు ఎర్రగా ఉందో తెలుసాండీ?" అన్నాను. "ఎనిమిది భాగాల నుంచి దొరకని వేరు దీని కిందే ఉంది. దాని రంగు మానుల్లోకి, ఆకుల్లోకి ఎక్కింది. భైరవుడు అడవిలో అడుగుపెట్టగానే చూస్తాడు. వెతకక్కర్లేదు. అడవంతా ఆ వేరే."

"మరి వనరాణి?"

"ఎర్ర చీర కడుతుంది. ఏం, ఎర్ర చీరలే లేవా? కథలో పెట్టేద్దామండీ!"

ఆ మాట నా నోట వినగానే ఆయన చప్పట్లు కొట్టబోయి, కొట్టలేక, తువ్వాలులో మొహం దాచుకున్నారు.

వారం రోజుల్లో తిరగరాశాను. హాసిని గారు వచ్చినప్పుడు కొత్త కాగితాలు చేతిలో పెట్టి, "ఇదిగోనమ్మా, కాగితం మీద ఇలాగే ఉంది, ఒక్క ముక్క మారదు" అన్నాను. ఆవిడ కాగితాలు చదవలేదు. ఎర్ర అడవి ముందు చెప్పులు విడిచి నిలబడిపోయింది. చాలాసేపటికి, "ఈ ఎరుపు ఎవరి ఆలోచన సర్?" అంది. హీరో, పులి, నిర్మాత, రోషన్ బీ, నలుగురూ ఒక్కసారే నన్ను చూపించారు.

సినిమా పూర్తయింది. దేశం చూసేముందు మన బందరు చూడాలని భావనారాయణ గారు పట్టుబట్టి హాల్లో వేయించారు. అబూబకర్ గారికి రెండు కళ్లకీ ఆపరేషన్లు అయ్యాయి. నల్ల కళ్లద్దాలతో వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చున్నారు. దీపాలు ఆర్పగానే కళ్లద్దాలు తీశారు. తెర మీద అడవి వచ్చింది.

"బావా" అన్నారు నెమ్మదిగా. "ఇదేంటి, ఎర్రగా ఉంది?"

భావనారాయణ గారు బిగుసుకుపోయారు. నేను వెంటనే అందుకున్నాను.

"తప్పు నాదండీ. ఆఖరి నిమిషంలో కథ మార్చాను. మీ కుర్రాళ్లకి చెప్పి గంగాళం మార్పించింది నేనే."

"మీరా!" హాలంతా వినపడేలా అరిచారాయన. "ఎంత మాస్టారైతే మాత్రం నా గంగాళం నన్నడక్కుండా మారుస్తారా? ఎరుపని ఒక్క మాట చెబితే పటిక ఇంకో రెండు పాళ్లు వేసేవాణ్ణి కదండీ! ఇంకెంత నిగ్గు తేలేది! తెలుగు మాస్టారికి రంగుల సంగతి ఎందుకండీ అసలు?"

"పొరపాటైపోయిందండీ" అన్నాను. నా రెండో పక్కన రోషన్ బీ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

ఇంటర్వెల్లో హాసిని గారు మైకు పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. "మాస్టారూ, అందరూ అడిగేదే నేనూ అడుగుతున్నాను. తొమ్మిది భాగాలు నడిపించిన ఆ వేరు, అసలు ఎవరి ఊహ?"

ఇరవై ఏళ్లుగా అలవాటైన జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. రెండు సీట్ల అవతల భావనారాయణ గారు, ఎప్పుడూ వినే మాటే కదా అని తాపీగా వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు.

"నాదేనండీ" అన్నాను. "ఆ వేరు నాదే. పద్నాలుగో సీనుకీ యాభై రెండో సీనుకీ మధ్య నేనే పారేసుకున్నాను. వారికి దొరికింది."

వేరుశనక్కాయలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది. ఆయన నా వంక చూశారు. నేను చూడలేదు. తెర మీద మళ్లీ బొమ్మ పడింది, రాజకుమార్ తీగ పట్టుకున్నాడు, హాలంతా లేచి నిలబడింది. నేను కూడా లేచి, నా బలం కొద్దీ అరిచాను.

"రైట్ రైట్!"